కొండ మీద గాలి, కొండ కింద బొగ్గు: కోల్ రివర్ చరిత్ర మనకు నేర్పేది



కొండను నమ్ముకుని బతికే జనం ప్రపంచంలో మనమొక్కరమే కాదు. అమెరికాలోని వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలో కోల్ రివర్ అనే నది ఉంది. దాని పేరులోనే బొగ్గు ఉంది. ఆ లోయ ప్రజలు తమ కొండ కింది బొగ్గు మేలా, కొండ మీది గాలి మేలా అని లెక్క కట్టారు. లెక్కలో గాలే గెలిచింది. అయినా కొండ మీద పేలుళ్లు ఆగలేదు. ఎందుకో మనం తెలుసుకోవాలి.

ముందుగా ఒక సంగతి. ఈ కథలోని వారు ఆదివాసులు కారు. షానీ వంటి మూలజాతులను వెళ్లగొట్టిన తరువాత అక్కడ స్థిరపడిన వారి సంతతి. కానీ తరువాత వారికీ ఆ కొండల్లో పరాయితనమే మిగిలింది. 19వ శతాబ్దం చివర రైలు మార్గాలతో పాటు బయటి కంపెనీలు వచ్చాయి. భూములను, భూమి కింది ఖనిజ హక్కులను చవగ్గా కొనేశాయి. పైన సాగు చేసుకునేవాడు ఒకడు, కింది బొగ్గుకు యజమాని ఇంకొకడు. రైతు గని కూలీ అయ్యాడు. ఇల్లు కంపెనీది, దుకాణం కంపెనీది. 1921లో సంఘం పెట్టుకునే హక్కు కోసం వేలాది కార్మికులు బ్లెయిర్ పర్వతం దగ్గర ఆయుధాలు పట్టి పోరాడారు.

తరువాత యంత్రాలు వచ్చాయి. 1970ల నుంచి కొండ లోపలికి సొరంగం తవ్వడానికి బదులు కొండ తలనే తీసేసే పద్ధతి మొదలైంది. అడవి నరికి, మందుగుండుతో శిఖరాన్ని పేల్చి, రాళ్లూ మట్టీ పక్క లోయలో పోస్తారు. లోయతో పాటు వాగు కూడా పూడిపోతుంది. ఈ పనికి మనుషులు కొద్దిమంది చాలు. 1950 ప్రాంతంలో ఆ రాష్ట్రంలో లక్షకు పైగా ఉన్న బొగ్గు కార్మికులు 2000 నాటికి ఇరవై వేల లోపుకు పడిపోయారు. బొగ్గు కడిగిన నల్లని బురదను కొండల మధ్య కట్టలు కట్టి నిలవ చేస్తారు. 1972 ఫిబ్రవరి 26న బఫెలో క్రీక్‌లో అలాంటి కట్ట తెగి 125 మంది చనిపోయారు.

ఈ లోయలోనే గని కార్మికుడి కూతురు జూడీ బాండ్స్ పుట్టింది. ఇంటి ముందు వాగులో ఆమె మనవడు చచ్చిన చేపలను చేత్తో ఎత్తి చూపించిన రోజు నుంచి ఆమె ఊరుకోలేదు. 1998లో మొదలైన కోల్ రివర్ మౌంటెన్ వాచ్ సంస్థతో కలిసి పనిచేసింది. 2003లో గోల్డ్‌మన్ పర్యావరణ పురస్కారం అందుకుంది.

కోల్ రివర్ కొండను పేల్చడానికి ఒక బొగ్గు కంపెనీ సిద్ధమైనప్పుడు ఆ సంస్థ "వద్దు" అని మాత్రమే అనలేదు, బదులుగా ఏం కావాలో కూడా చెప్పింది. 2008లో నిపుణుల చేత అధ్యయనం చేయించింది. ఆ శిఖరాల మీద 328 మెగావాట్ల గాలిమరలు పెట్టవచ్చని తేలింది. బొగ్గు 17 ఏళ్లలో అయిపోతుంది, గాలికి అయిపోవడం లేదు. గాలిమరల వల్ల స్థానిక కౌంటీకి, అంటే మన జిల్లా వంటిదానికి, ఏడాదికి సుమారు 17 లక్షల డాలర్ల ఆస్తి పన్ను వస్తుంది. బొగ్గు పన్నులో దాని వాటాగా వచ్చేది దాదాపు 36 వేల డాలర్లే. జబ్బుల ఖర్చు, నీటి నష్టం కలిపితే బొగ్గు లాభం నష్టంగా మారుతుంది.

గాలిమరలకూ రోడ్లు వేయాలి, చెట్లు కొట్టాలి. పక్షులకు, గబ్బిలాలకు ముప్పు ఉంది. కట్టడం పూర్తయ్యాక ఉద్యోగాలు కొద్దివే. కానీ గాలిమర తీసేసినా కొండ ఉంటుంది. తల తీసిన కొండ తిరిగి మొలవదు. ఇంకో చిక్కు కూడా ఉంది. శిఖరాన్ని పేల్చి తగ్గిస్తే అక్కడి గాలి బలమూ తగ్గిపోతుంది. రెండూ కావాలంటే కుదరదు.

అయినా 2009 అక్టోబరులో పేలుళ్లు మొదలయ్యాయి. ఎందుకంటే భూమి ఆ ఊరివాళ్లది కాదు. యజమానులు అప్పటికే బొగ్గుకు లీజు ఇచ్చేశారు. చట్టం వాళ్లనే అడిగింది, లోయలో బతికేవాళ్లను కాదు. లెక్క ఊరిది, సంతకం కంపెనీది. మరుసటి ఏడాది ఏప్రిల్ 5న అదే లోయలోని అప్పర్ బిగ్ బ్రాంచ్ భూగర్భ గనిలో పేలుడు జరిగి 29 మంది కార్మికులు చనిపోయారు. 2011 జనవరిలో జూడీ బాండ్స్ క్యాన్సర్‌తో కన్నుమూసింది.

ఇప్పుడు మన వైపు చూడండి. వాళ్లకు లేనిది మన పెద్దలు పోరాడి మనకు సంపాదించి పెట్టారు. 1/70 చట్టం షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా కాపాడుతుంది. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు షెడ్యూల్డ్ ప్రాంతంలోని ప్రభుత్వ భూమిని కూడా ప్రైవేటు గనుల కంపెనీలకు లీజుకు ఇవ్వకూడదని తీర్పు చెప్పింది. 1996 నాటి పెసా, 2006 నాటి అటవీ హక్కుల చట్టం గ్రామసభకు గొంతు ఇచ్చాయి. ఇవి కాగితం మీద ఉంటే చాలదు, మనం గ్రామసభకు వెళ్లి కూర్చోవాలి.

రేపు మన కొండకు బొగ్గు పేరుతో ఎవరు వచ్చినా, గాలి పేరుతో ఎవరు వచ్చినా మూడు ప్రశ్నలు అడగండి. భూమి ఎవరి పేరున ఉంటుంది? లాభం ఎక్కడికి పోతుంది? పని అయిపోయాక కొండ, వాగు ఎలా ఉంటాయి? చదువుకున్న మీరు లెక్కలు కట్టండి. ఊరి పెద్దల పక్కన కూర్చుని వాళ్ల మాట వినండి. సంతకం మాత్రం ఊరి చేతిలోనే ఉంచుకోండి.