యాకుత్‌పురా ఇళ్లలో ఖాళీ నేల: ఒక చారిత్రక పరిశీలన

హైదరాబాదు నగరాన్ని మహమ్మద్ కులీ కుతుబ్ షా 1591లో స్థాపించాడు. 17వ శతాబ్దంలో ఈ నగరాన్ని చూసిన ఫ్రెంచి యాత్రికులు టావెర్నియర్, థెవెనో ఇక్కడి తోటలను గురించి రాశారు. అయితే తోటలను రాజుల వైభవానికి గుర్తులుగా మాత్రమే చూడటం సరికాదు. నివాస గృహంలో ఖాళీ నేలను ఎలా అమర్చుకున్నారన్నది కూడా నగర చరిత్రలో భాగమే. పాతబస్తీలోని యాకుత్‌పురా ఉదాహరణగా ఈ అంశాన్ని పరిశీలిద్దాం.

దేవిడీ అమరిక

పాత నగర ప్రాకారపు దర్వాజాలలో యాకుత్‌పురా దర్వాజా ఒకటి. నిజాముల నివాసమైన పురానీ హవేలీ ఈ ప్రాంతానికి చేరువలోనే ఉంది. పాతబస్తీ సంపన్నుల దేవిడీలలో ఎత్తయిన ప్రహరీ, పురుషులకు మర్దానా, స్త్రీలకు జనానా, వాటి మధ్య సెహన్ అనే నడివాకిలి ఉండేవి. కోస్తా జిల్లాల మండువా లోగిలితో దీన్ని పోల్చవచ్చు. సెహన్‌లోని చెట్లు నీడనిచ్చేవి. హౌజులోని నీరు గాలిని చల్లబరిచేది. పరదా పాటించే స్త్రీలకు ఆరుబయట గడిపే వీలు కలిగేది. వాననీరు మట్టిలో ఇంకి బావులకు ఊటగా చేరేది. అంటే అలంకారంగా కనిపించే ప్రతి అంశం వెనుక ఒక అవసరం ఉంది. అయితే ఈ సౌకర్యం అందరిదీ కాదు. ఇరుకు గల్లీలలోని పేదలకు ఇంత జాగా ఉండేది కాదు.

మార్పుకు కారణాలు

1949లో జాగీర్దారీ వ్యవస్థ రద్దయింది. ఆదాయం తగ్గిన కుటుంబాలు అనేకం దేవిడీలను అమ్ముకున్నాయి, లేదా వారసులు పంచుకున్నారు. జనాభా పెరిగేకొద్దీ సెహన్ ఉన్నచోట గదులు లేచాయి, మిగిలిన నేల సిమెంటు పాలైంది. దీని ఫలితాన్ని ఒక లెక్కతో గ్రహించవచ్చు. హైదరాబాదులో ఏటా సుమారు 800 మిల్లీమీటర్ల వర్షం కురుస్తుంది. అంటే 100 చదరపు గజాల నేలపై ఏడాదికి దాదాపు 67 వేల లీటర్ల నీరు పడుతుంది. మట్టి ఉంటే అందులో కొంతైనా ఇంకుతుంది. సిమెంటు అయితే దాదాపు అంతా గల్లీలోకే వస్తుంది.

పరిమితులు

ఇంటి ఆవరణ ఒక్కటే నగరాన్ని కాపాడలేదు. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద వచ్చినప్పుడు నగరంలో సెహన్‌లు ఉన్నాయి. అయినా వేలాది మంది మరణించారు. తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనలతో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు నిర్మించవలసి వచ్చింది. 2020 అక్టోబరు వరదలలోనూ నాలాలు, చెరువుల ఆక్రమణ ప్రధాన కారణాలలో ఒకటి. కాబట్టి ఇంటి స్థాయి, నగర స్థాయి ప్రణాళికలు ఒకదానికొకటి తోడుగా సాగాలి. ఇరుకు ఇంట్లోనైనా ఒక చెట్టుకు చోటు, ఒక ఇంకుడుగుంత మిగల్చగలిగితే పాత సెహన్ చేసిన పనిలో కొంత నెరవేరుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. దేవిడీలోని సెహన్ నెరవేర్చిన ప్రయోజనాలు ఏవి?
2. మీ ఊరిలోని ఒక పాత ఇంటి ఆవరణను పరిశీలించి, అందులో వచ్చిన మార్పులను కారణాలతో వివరించండి.