ఊరేగింపు మేళము – కప్పు క్రింది పోటీ

సంగీతము రెండు విధములు. శ్రోతలు కూర్చుండగా ఒకచోట నిలిచి వినిపించునది మొదటిది. వీథివెంట నడచుచు, ఇంటింటి ముంగిటికి తానే వచ్చి వినిపించునది రెండవది. వీణ, వేణువు మొదటి తెగకు చెందినవి. డప్పు, డోలు, సన్నాయి, తాషా, బాకా రెండవ తెగకు చెందినవి. ఈ రెండవ తెగ వాద్యములను నిర్మించిన పూర్వులు వానికి కప్పు ఉండునని తలచియుండలేదు. నాలుగు వీథులకు వినబడవలయుననియే వాని తోలును బిగించిరి, వాని గొంతును హెచ్చించిరి. అట్టి సంగీతము నేడు లోకమంతటను కప్పుల క్రిందికి చేరుచున్నది. వేలాదిమంది కూర్చుండు క్రీడాంగణములకు తెరచి మూయుటకు వీలైన కప్పులు అమర్చి, వాని క్రింద ఊరేగింపు వాద్యముల పోటీలు జరుపుచున్నారు. ఈ మార్పు ఎట్లు వచ్చినది, ఇందు లాభనష్టములేవి, కామాటిపుర వాసులమగు మనము దీనినుండి గ్రహింపదగినదేమి అను సంగతులను విన్నవించుటయే ఈ వ్యాసోద్దేశము.

మొదట మన ముంగిలినే చూతము. 1784 ప్రాంతమున హార్న్‌బీ వెలార్డ్ అను కట్ట పూర్తియై సముద్రపు పోటు ఆగిన పిమ్మట, బొంబాయి నడుమనున్న పల్లపు నేలలు క్రమముగా నివాసయోగ్యములైనవి. ఆ నేలలలో ఒకచోట, నగర నిర్మాణమునకు రాయి మోసి సున్నము కలిపిన తెలుగు పనివారు గుడిసెలు వేసికొనిరి. వారిని కామాటీలనిరి. వారి పేరే ఈ పేటకు నిలిచినది. అంకెలతో పిలువబడు మన గల్లీలు ఇరుకైనవే. కాని ఊరేగింపు మేళమునకు అంతకంటె అనువైన స్థలము దొరకదు. ఇరుప్రక్కల చాళ్ళ గోడలు ధ్వనిని చెదరనీయవు. పైన ఆకాశము దానిని గూడుకట్టుకొననీయదు. ప్రతి అంతస్తు వరండాయును శ్రోతల వరుసయే. మేళము గల్లీ మొగలో ఉన్నప్పుడు లయ మాత్రమే వినబడును. దగ్గరకు వచ్చినకొలది జాతులు, ముక్తాయింపులు తెలియును. దాటిపోయిన తరువాత మరల లయయే మిగులును. మంచమునంటిన వృద్ధునకు సయితము పాలు దక్కును. 1893లో గిర్‌గాంలోని కేశవజీ నాయక్ చాళ్ళలో సార్వజనిక గణేశోత్సవము మొదలైన నాటినుండి బొంబాయి చాళ్ళకును వీథి వాద్యమునకును బంధము గట్టిపడినది. మన బతుకమ్మయు, షోలాపురములో నారియేళ్ళ పున్నమకు పద్మశాలీలు జరుపు మార్కండేయ రథోత్సవమును ఈ కోవలోనివే.

ఇట్టి వాద్యమును కప్పు క్రిందికి నెట్టుచున్న కారణములు రెండు. మొదటిది వర్షము. గణపతి పండుగ భాద్రపదమున వచ్చును. ఆ మాసమున ముంబయి ఆకాశమును నమ్మరాదు. తడి గాలికి డప్పు తోలు సడలి గొంతు పోవును. అందుచేతనే డప్పు వాయించువారు గడ్డి మంట వేసి, డప్పును కాచి, వ్రేలితో కొట్టి చూచి, గొంతు వచ్చిన పిమ్మటనే సిర్రయు సిటికెన పుల్లయు చేతబట్టుదురు. వాన కురిసినచో ఆ మంటయు నిలువదు, ఆ గొంతును నిలువదు.

రెండవ కారణము శాసనము. కేంద్రప్రభుత్వము 2000 సంవత్సరమున శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలను ప్రకటించినది. వాని ప్రకారము నివాసప్రాంతములలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్లులు పరిమితి. రాత్రి 10 గంటలు మొదలు ఉదయము 6 గంటల వరకు ధ్వనివర్ధకములు వాడరాదు. 2010 సవరణతో వాద్యములు కూడ ఈ నిషేధములోనికి వచ్చినవి. పండుగల నిమిత్తము రాష్ట్రప్రభుత్వములు ఏడాదికి 15 దినములకు మించకుండ అర్ధరాత్రి వరకు సడలింపు ఈయవచ్చును. అయితే సభామందిరములవంటి మూసిన కట్టడములలో, లోపలి వారికి మాత్రమే వినబడునట్లు జరుపుకొనుటకు ఈ రాత్రి నిషేధము లేదు. రోగులకును, చదువుకొను పిల్లలకును నిద్ర కావలయును గనుక నిబంధన న్యాయమైనదే. కాని వీథిలో మూగవోయిన డోలు, నాలుగు గోడల నడుమ మ్రోగవచ్చుననుట దీని ఫలితము.

కప్పు క్రిందికి పోయిన వాద్యము మారక తప్పదనుటకు దక్షిణదేశపు నాదస్వరమే సాక్ష్యము. దేవుని ఉత్సవమునకు ముందు నడచునది తిమిరి అను పొట్టి నాదస్వరము. దాని శ్రుతి హెచ్చు. అది వీథి చివరకు వినబడును. కచేరీ మందిరములు వెలసి, విద్వాంసులు వేదికపై కూర్చుండి వాయించు కాలము రాగా, ఆ హెచ్చు శ్రుతి చెవికి మోటుగా తోచినది. అప్పుడు తిరువావడుదురై రాజరత్నం పిళ్ళై (1898–1956) పొడవైన, శ్రుతి తగ్గిన బారి నాదస్వరమును ప్రచారములోనికి తెచ్చెను. మన తెలుగు గడ్డపై కరవదిలో 1924లో జన్మించిన షేక్ చిన మౌలానా సాహెబు ఈ వాద్యముతోనే ఆలయ వీథులలోను, సభామందిరములలోను సమానముగ మన్నన పొందెను. ఆయనకు 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు సంగీత అకాడమీవారి సంగీత కళానిధి బిరుదము లభించినవి. మన ముంబయిలో 1963లో తెరచిన షణ్ముఖానంద మందిరమువంటి 2,700కు పైబడిన ఆసనములుగల కట్టడములు ఈ క్రొత్త కాలమునకు గుర్తులు. ఆ మందిరము 1990లో అగ్నిప్రమాదమునకు లోనై, 1998లో మరల తెరువబడినది. ఇట్టి ప్రమాదములను తలచినచో, సభామందిరములో గడ్డి మంటకు అనుమతి ఏల దొరకదో బోధపడును. డప్పుకు మాత్రము ఆ మంటయే శ్రుతిపెట్టె.

ఇక సముద్రము దాటి చూతము. మొదటి ప్రపంచయుద్ధము నుండి తిరిగివచ్చిన అమెరికా సైనికులు తమ సంఘములయందు బాకాలు, డోళ్ళతో కవాతు దళములను ఏర్పరచిరి. పిమ్మట యువకులు వానిలో చేరిరి. వీరి పోటీలను నడుపుటకు డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్ అను సంస్థ ఏర్పడి, 1972లో విస్కాన్సిన్ రాష్ట్రములోని వైట్‌వాటర్ అను చిన్న ఊరిలో, ఆరుబయట, మొదటి జాతీయ పోటీ జరిపెను. నూరుమందికి పైబడిన దళము మైదానమంతట కదలుచు, ఆకారములు కట్టుచు, విడుచుచు, ఒకే లయలో వాయించుట ఈ పోటీలోని విశేషము. 1981, 1982 సంవత్సరములలో ఈ పోటీ కెనడాలోని మాంట్రియల్ ఒలింపిక్ క్రీడాంగణమున జరిగినది. ఆ క్రీడాంగణమునకు తెరచి మూయు కప్పు ఉండవలయునని ముందే నిర్ణయించిరి గాని, 1976 ఒలింపిక్ క్రీడలనాటికి అది పూర్తి కాలేదు. 1987లో గుడ్డతో చేసిన కప్పు అమర్చిరి. గాలికి అది పలుమార్లు చినుగగా 1998లో దానిని తొలగించి, తెరువ వీలులేని కప్పు వేసిరి. చివరకు 2008లో ఇండియానాపొలిస్ నగరమున లూకాస్ ఆయిల్ స్టేడియము తెరువబడినది. అందు సుమారు 70 వేలమంది కూర్చుండవచ్చును. దాని కప్పు రెండు భాగములుగ విడివడి ఇరువైపులకు జారును. 2009 నుండి ఆ సంస్థవారి తుది పోటీలు అచ్చటనే జరుగుచున్నవి. అంటువ్యాధి కారణమున 2020లో అవి రద్దయినవి.

జీవితకాలము గుమాస్తా పనిలో గడపినవాడను గనుక ఇచ్చట ఒక చిన్న లెక్క చెప్పుటకు పాఠకులు అనుమతింతురు గాక. ధ్వని సెకండుకు సుమారు 343 మీటర్లు పోవును. అమెరికా ఫుట్‌బాల్ మైదానము గోలు గీతల నడుమ 100 గజములు, అనగా సుమారు 91 మీటర్లు. ఒక కొననున్న డోలు దెబ్బ రెండవ కొననున్న వానికి చేరుటకు సెకండులో నాలుగవ వంతుకు మించి పట్టును. నిమిషమునకు 120 అడుగుల నడకలో ఒక్కొక్క అడుగు అర సెకండు. కావున చెవిని నమ్మి వాయించువాడు ఆరుబయటనే అర అడుగు వెనుకబడును. అందుకే ఆ దళములవారు ఎవరి ధ్వనిని అనుసరింపవలయునో, ఎప్పుడు చెవిని విడచి నాయకుని చేతినే చూడవలయునో నెలల తరబడి సాధన చేయుదురు. ఇక కప్పు 60 మీటర్ల ఎత్తున ఉన్నదనుకొందము. అది మూసినప్పుడు పైకి పోయిన దెబ్బ 120 మీటర్లు తిరిగి, సెకండులో మూడవ వంతుకు పైబడి ఆలస్యముగ మరల క్రిందికి వచ్చును. ఒక దెబ్బ రెండగును; గోడలు కూడ తోడైనచో నాలుగగును. ద్రుతకాలపు జతులు ఒకదానిమీద నొకటి పడి ఉప్పెనవలె వినబడును. మెల్లని స్వరములు మాత్రము నిండుగ తోచును. ఆరుబయట ఉత్తమముగ వినిపించినది కప్పు క్రింద కలగాపులగము కావచ్చును. అచ్చట తేలిపోయినది ఇచ్చట గంభీరము కావచ్చును.

అయినచో కప్పు చెడ్డదా? అట్లనుట న్యాయము కాదు. పోటీయనగా అందరికి ఒకే పరిస్థితి ఉండవలయును. మొదటి దళము ఎండలోను, రెండవది వానలోను వాయించినచో న్యాయనిర్ణేతలు ఏమి పోల్చగలరు? దూరము నుండి ఖర్చుపెట్టుకొని వచ్చిన యువకుల శ్రమ ఒక్క జడివానకు కొట్టుకొనిపోవుట ఎవరికిని ఇష్టము కాదు. కాని నష్టము కూడ చెప్పవలయును. కప్పు క్రింద మేళము శ్రోతను వెదకికొని రాదు. శ్రోతయే టిక్కెట్టు కొని మేళమును వెదకికొని పోవలయును. మంచమునంటిన వృద్ధుడు లెక్కలోనుండి తొలగిపోవును. తెరచుటకు వీలైన కప్పు ఈ రెంటికిని నడుమ కుదిరిన రాజీ. వాన వచ్చినప్పుడు మూయుము, లేనప్పుడు ఆకాశమును విడువుము అనునదే దాని ధర్మము.

ఈ ధర్మము మనకు క్రొత్తది కాదు. మన పెద్దలు పండుగకు వేసి, పండుగ పిమ్మట విప్పు తాటాకు పందిరి తెరచి మూయు కప్పు కాక మరేమి? తాటాకు ధ్వనిని మ్రింగును గాని తిప్పికొట్టదు. ఆలయములలోని కళ్యాణమండపమునకు పైకప్పు కలదు, నాలుగు ప్రక్కల గోడలు లేవు. సన్నాయి నాదము స్తంభముల నడుమనుండి ప్రాకారములోనికి సాగిపోవును. వాద్యకారుని వాననుండి కాపాడి, నాదమును మాత్రము బంధింపకుండుట మన శిల్పులకు తెలిసిన విద్య.

ఈ సంగతి నేడు మనకు ఎందుకు ముఖ్యమనగా, మన పేట రూపు మారనున్నది. సుమారు 34 ఎకరముల కామాటిపురమును తిరిగి నిర్మించుటకు మ్హాడా సంస్థ పథకము సిద్ధపరచి, 2025లో టెండర్లు పిలిచినది. శిథిలమైన చాళ్ళలో ప్రాణములు అరచేత బట్టుకొని కాపురముండు కుటుంబములకు గట్టి ఇండ్లు రావలయును. ఇందు రెండవ మాట లేదు. కాని గల్లీలు పోయి ఆకాశహర్మ్యములు లేచినప్పుడు, మేళము నడచుటకు త్రోవ యెక్కడ? ఇరువదవ అంతస్తున నున్నవారికి క్రింది డప్పు ఎట్లు వినబడును? అడుగనిచో మనకు దొరకునది అద్దములు బిగించిన చల్లని హాలు ఒక్కటియే. అందులో డప్పును వాయించిన, వాయించువాని చెవులే ముందు నొచ్చును.

కావున మన సంఘములు ఇప్పుడే కొన్ని కోరికలు వినిపించుట మంచిది. ప్రక్కలు తెరచియుండి, పైన వానకు మాత్రము మూయదగిన కప్పుగల ఒక మైదానము కొత్త నిర్మాణములో ఉండవలయును. దానికి ఆనుకొని, అగ్నిమాపక నియమములకు లోబడి, డప్పులు కాచుకొనుటకు ఒక చోటు ఉండవలయును. భవనముల నడుమ ఊరేగింపు చుట్టివచ్చుటకు వెడల్పైన బాట ఒకటి విడువవలయును. పోటీలు పెట్టునప్పుడు ప్రతి మేళమును ఒకసారి నడకలోను, ఒకసారి కప్పు క్రింద నిలిపియు విని, రెంటికిని మార్కులు వేయవలయును. ధ్వనివర్ధకములను దూరముగ ఉంచవలయును. ఇందు ఏదియు కోట్ల వ్యయమునకు లొంగని గొంతెమ్మ కోరిక కాదు. నకాశా గీయునప్పుడే అడిగినచో గీత ఒకటి మారును; గోడ లేచిన పిమ్మట అడిగినచో అర్జీ దస్త్రములో మిగులును.

ఈ నగరమునకు ఇండ్లు కట్టిన కామాటీలు తమ పండుగలకు వీథినే మండపముగ చేసికొనిరి. వారి సంతతి కొత్త ఇండ్లలో ప్రవేశించునాడు గృహప్రవేశపు సన్నాయి నడచివచ్చుటకు దారి ఉండునట్లు మన పెద్దలు, యువకులు కలిసి యత్నింతురు గాక.