కొండవీటి వసంతము



పల్నాటి చరిత్రమనగానే మన మనస్సు నాగులేటి యొడ్డునకు, కారెంపూడి వీరుల కథకు పరుగిడును. నేడు మఱియొక తావును గూర్చి మనవిచేసెదను. పాత పల్నాటి యెల్లలలో చేరకున్నను, 2022వ సంవత్సరమున నరసరావుపేట కేంద్రముగా నేర్పడిన పల్నాడు జిల్లాలో కొండవీడు చేరినది. కొండపైకి ఘాటురోడ్డు పడినది. అటవీశాఖవారు నగరవనమును పెంచినారు. పిల్లలతో పెద్దలు పోయి చూచివచ్చుచున్నారు.

మన మెట్టసీమకు ఋతువున కొక పూవు గలదు. ఫాల్గునమున మోదుగ, వైశాఖమున రేల, వానలు వెనుకబట్టిన పిదప తంగేడు. కొండవీటి ప్రభువులు ఈ ఋతుశోభను ఎఱుగనివారు కారు. 1386 మొదలు 1402 వఱకు ఏలిన కుమారగిరిరెడ్డి ఏటేట వసంతోత్సవము జరపి, కర్పూరవసంతరాయడని బిరుదొందెను. ఆ యుత్సవమునకు కావలసిన కర్పూరాది సుగంధద్రవ్యములను అవచి తిప్పయసెట్టి తెప్పించియిచ్చెడివాడు. శ్రీనాథుడు హరవిలాసమును ఆ సెట్టికే అంకితము చేసెను.

ఆ వైభవ మెంతకాలము నిలిచినది? కుమారగిరి రాజమహేంద్రవర రాజ్యమును తన బావమఱది కాటయవేమునకు ఒసంగెను. అతని పిమ్మట కొండవీడును రాజమహేంద్రవరమును ఒండొంటితో పోరినవి. పెదకోమటి వేమారెడ్డి కుమారుడు రాచవేమునితో కొండవీటి రెడ్ల యేలుబడి ముగిసినది. దుర్గము గజపతుల పాలై, 1515లో శ్రీకృష్ణదేవరాయలకు వశమైనది. కర్పూరపు వాసన అంతకు మున్నే గాలిలో గలిసినది.

అయినను ఆ రాజుల పని యొకటి మిగిలినది. కొండమీద వెదుళ్ళ చెఱువు, ముత్యాలమ్మ చెఱువు, పుట్టాలమ్మ చెఱువు నేటికిని గలవు. కొండపై కురిసిన వాన పల్లమునకు జాఱిపోకుండ అవి పట్టియుంచును. కొండ క్రిందను అదే బుద్ధి గానవచ్చును. పెదకోమటి వేముని రాణి సూరాంబిక సంతానసాగరమను తటాకమును త్రవ్వించెను. దానికి నీరు తెచ్చుటకై రాచవేముడు జగనొబ్బగండ కాలువను త్రవ్వించెను. ఈ సంగతులను శాసనములు చెప్పుచున్నవి. ఆ శాసనములకు పద్యములు కూర్చినవాడును శ్రీనాథుడే.

కర్పూరము కరగుట దాని స్వభావము. చెఱువు తనంత నిలుచునది కాదు. ప్రతి తరమునను ఎవరో పూడిక తీసి, కట్ట చక్కజేసిననే నిలుచును. నీటికై ఆకాశమువంక చూచు సీమలో పుట్టినవారమగుటచే ఈ మాట మనకు వేఱుగ బోధింప నక్కఱలేదు.

కావున పెద్దలారా! మనుమలను కొండవీటికి గొనిపోయినపుడు పూలను చూపుడు, కోట బురుజులను చూపుడు. పిదప చెఱువు గట్టున కూర్చుండబెట్టి, దీనిని త్రవ్వించిన దెవ్వరో, ఏల త్రవ్వించిరో చెప్పుడు. భుజించిన విస్తళ్ళను ఆ నీట వేయనీయకుడు. ఊరికి మరలినపిమ్మట మన చెఱువు కట్టను గూడ ఒకమాఱు చూచి రండు. వసంతోత్సవము ఒక రాజుతో పోయినది. వసంతము మాత్రము నీరున్న చోటికి ఏటేట వచ్చుచునే యున్నది.