మనాలీ–లేహ్ సైకిల్ యాత్ర: ఎప్పుడు బయలుదేరితే మంచిది?

మనాలీ నుంచి లేహ్‌కు సైకిల్‌పై వెళ్లాలనుకునే తెలుగువారికి మొదటి చిక్కు సెలవులతోనే. మనకు పెద్ద సెలవులు వేసవిలో, ఆ తర్వాత దసరాకు. ఈ దారికి మే నెల మరీ తొందర, దసరా చాలా ఏళ్లు ఆలస్యం.

నాలుగు వందల కిలోమీటర్లకు పైబడిన ఈ రోడ్డును శీతాకాలంలో మంచు మూసేస్తుంది. సరిహద్దు రహదారుల సంస్థ (బీఆర్ఓ) మంచు తొలగించి మళ్లీ తెరుస్తుంది. ఆ తేదీ ఏటా మారుతుంది. 2020లో 9.02 కిలోమీటర్ల అటల్ టన్నెల్ వచ్చాక రోహ్‌తాంగ్ కనుమతో పని లేకుండా లాహౌల్ లోయ చేరుకోవచ్చు. కానీ ఇంకా ఎత్తైన కనుమలు అవతలే ఉన్నాయి: బారాలాచా లా, లాచుంగ్ లా, తంగ్లాంగ్ లా. చివరిది 5,300 మీటర్ల పైమాటే. వీటికి సొరంగాలు లేవు.

‘రోడ్డు తెరిచారు’ అన్న వార్త చూసి వెంటనే టికెట్లు కొనకండి. మొదట్లో తరచూ ఫోర్ బై ఫోర్ వాహనాలనే, అదీ టైర్లకు గొలుసులుంటేనే పంపుతారు. పైగా కారులో వెళ్లేవారికి రోడ్డు ఉంటే చాలు, సైకిల్‌పై వెళ్లేవారికి దారిలో తిండి, పడక కూడా కావాలి. దార్చా దాటాక రుమ్‌త్సే వరకు చెప్పుకోదగ్గ ఊరు లేదు. సర్చూ, పాంగ్‌లలో ఉండేవి సీజన్ టెంట్లు, ధాబాలే. సెప్టెంబరు రెండో సగం నుంచి అవి ఒక్కొక్కటిగా సర్దుకుంటాయి. కారు ఒక్క రోజులో దాటే ఈ దూరం సైకిల్‌కు నాలుగైదు రోజులు.

జూన్‌లో మంచు కరిగిన నీరు వాగులై రోడ్డు మీదుగా పారుతుంది. ఎండెక్కేకొద్దీ ప్రవాహం పెరుగుతుంది కాబట్టి వాటిని ఉదయమే దాటాలి. జూలై, ఆగస్టుల్లో లాహౌల్ అవతల వానలు తక్కువే. ఇబ్బందల్లా మనాలీ చేరడంతోనే. 2023 జూలైలో బియాస్ వరదలకు కులు–మనాలీ రోడ్డు చాలాచోట్ల కొట్టుకుపోయింది.

అన్నీ చూస్తే ఆగస్టు చివరి వారం నుంచి సెప్టెంబరు మూడో వారం లోపు ముగించేలా వెళ్లడం మేలు. అప్పటికి వాగులు తగ్గుతాయి, టెంట్లు ఇంకా ఉంటాయి. రాత్రి చలి మాత్రం సున్నా కిందికి పోతుంది.

పది రోజుల ప్రయాణమైతే పన్నెండు, పదమూడు రోజుల సెలవు పెట్టండి. మిగులు రోజులు వాతావరణానికే కాదు, ఒంటికీ అవసరం. 3,000 మీటర్లు దాటాక పడుకునే చోటు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదన్నది వైద్యుల సలహా. జిస్పా నుంచి సర్చూ ఎత్తు తేడా సుమారు వెయ్యి మీటర్లు. ఒక్క రోజులో అక్కడికి వెళ్లి పడుకుంటే తలనొప్పి, వాంతులు మొదలయ్యే ప్రమాదం ఎక్కువ. మధ్యలో ఒక రాత్రి ఆగాల్సిందే. లక్షణాలు పెరుగుతుంటే కిందికి దిగడమే మందు.

ఇక ఫోన్ సంగతి. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు లద్దాఖ్‌లో పనిచేయవు, పోస్ట్‌పెయిడ్ ఉండాలి. అదీ లేహ్ వంటి చోట్లే. మధ్యలో చాలా దూరం సిగ్నల్ ఉండదు. కాబట్టి రోడ్డు పరిస్థితిని కేలాంగ్ దాటకముందే చూసుకోవాలి. లాహౌల్–స్పితి జిల్లా పోలీసులు దాన్ని సోషల్ మీడియాలో పెడుతుంటారు. హిమాచల్ వైపు జిల్లా విపత్తు సహాయ నంబరు 1077.