ఇసుకలో కూరపాదు: బాపట్ల దొరువుల చరిత్ర

కృష్ణా డెల్టా వ్యవసాయ చరిత్ర అనగానే మనవాళ్లు 1855లో పూర్తయిన విజయవాడ ఆనకట్టతో మొదలుపెడతారు. ఆనకట్ట, కాలువ, మాగాణి, శిస్తు: యీ వరుసలో బాపట్ల కూడా వరి పండే వూరుగానే కనబడుతుంది. కాని సూర్యలంక తీరాన కాలువ నీరెక్కని ఇసుక నేలలున్నాయి. వంగ, బెండ, ఆకుకూరలు, కనకాంబరాలు ఆ ఇసుకలో పండాయి. వాటిని పండించినది దొరువు.

ఇసుకలో ఇంకిన వాననీరు, అడుగునున్న ఉప్పునీటికన్న తేలిక కాబట్టి, దానిమీద పలుచని పొరగా నిలుస్తుంది. లోతులేని గుంట తవ్వితే ఆ పొర తగులుతుంది. అదే దొరువు. ఆశపడి లోతుకు పోయినా, ఒక్కచోటనే అతిగా తోడినా ఉప్పు పైకి లేస్తుంది. అందుచేత చేనికి ఒక పెద్దబావి పనికిరాదు; చిన్నగుంటలు అనేకం కావాలి. గుంటలోకి దిగి, కుండలు ముంచి, గట్టెక్కి, మొక్కమొక్కకూ పోయాలి. ఇసుక తడిని నిలుపుకోదు. రేపు మళ్లీ అదే పని. యీ విజ్ఞానానికి ఇంజనీరు లేడు, శిలాఫలకం లేదు. కాలువ నీటిపై తీరువ వసూలైంది కనుక కాలువకు లెక్కలున్నాయి. కుండ మోసిన కూలికి లెక్క రాసినవారెవరు?

మరొక విశేషం. కాలువలు వదలకముందే మాగాణికి కావలసిన వరినారును కూడా యీ దొరువుల కిందనే పోశారు. అంటే గొప్పదైన డెల్టా సేద్యం సైతం యీ ఇసుకకు బాకీ పడి వుంది!

తర్వాత ఆయిలింజన్లు వచ్చాయి. ఒక్కచోట బలంగా తోడితే ఉప్పు లేస్తుందన్న చిక్కు మళ్లీ ముందుకొచ్చింది. బాపట్లలోని ఉప్పునీటి పరిశోధనా కేంద్రం ఇసుక కింద చిల్లుల గొట్టాలను అడ్డంగా పరచి, మంచినీటి పొరను మాత్రమే ఒక బావిలోకి చేర్చే పద్ధతిని రూపొందించింది. మెచ్చదగిన పనే, కుండ మోత తప్పింది. కాని గొట్టాలకూ ఇంజనుకూ పెట్టుబడి కావాలి; కౌలుకు చేసేవాడికి అది ఎక్కడిది?

1990 తర్వాత కోస్తా అంతటా రొయ్యల చెరువులు విస్తరించాయి. దొరువు రైతు ఏ ఉప్పునీటిని అడుగుననే వుంచడానికి పాటుపడ్డాడో, చెరువుల పెట్టుబడిదారు దానినే పైకి తోడి నింపాడు. ఊట పక్క నేలల్లోకి దిగింది. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీర నియంత్రణ మండలంలో సంప్రదాయేతర చెరువులను తొలగించమన్నది. సాగుభూములను చెరువులుగా మార్చరాదన్నది. 2005లో పార్లమెంటు చేసిన తీర ఆక్వాకల్చర్ ప్రాధికార చట్టమూ, దాని 2023 సవరణా ఆ మూసిన తలుపును చాలావరకు తిరిగి తెరిచాయి. ఒకసారి ఉప్పెక్కిన దొరువు తిరిగి తీపెక్కాలంటే వానలే దానిని కడగాలి. అందాకా ఆ చేనిలో కూలికి పని లేదు.