పైన తుప్పు, లోన నిగనిగ

నాలుగు రోజులు వాడకపోతే దోసెల పెనం ఎర్రబారిపోవడం మనందరికీ తెలిసిందే. నూనె రాసి అటక మీద పెడితే మాత్రం ఏడాది తర్వాత తీసినా నల్లగా నిగనిగలాడుతుంది. మరి ఎప్పుడూ చమురుతో నిండి ఉండే ట్యాంకుకి తుప్పెలా పడుతుంది చెప్పండి?

పోర్షే 911 అనే జర్మనీ కారు గురించి చదువుతుంటే నాకీ సందేహం వచ్చింది. 1963లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనకి వచ్చినప్పుడు దాని పేరు 901. మధ్యలో సున్నా ఉన్న అంకెలు మావంటూ ఫ్రాన్సులోని ప్యూజో కంపెనీ పేచీ పెడితే, 1964లో సున్నా తీసేసి ఒకటి పెట్టారు. బారసాలలోనే తగవన్నమాట!

ఈ కారు ఇంజనుకి అప్పట్లో నీళ్ళు పోసేవారు కాదు. 1998 దాకా గాలీ, చమురే దాన్ని చల్లబరిచేవి. మామూలు కార్లలో చమురు ఇంజను అడుగునే ఉంటుంది. జోరుగా మలుపు తిరిగితే ఓ పక్కకి ఒరిగిపోతుంది. అందుకని దీనికి విడిగా ఓ రేకు ట్యాంకు పెట్టి, సుమారు 9 లీటర్లు పోశారు. పెట్టిన చోటేమో కుడివైపు వెనక చక్రానికి వెనకాల! చక్రం చిమ్మే బురదంతా దాని మీదే. పైగా మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లే దేశాలాయె. లోపల చమురు కాస్తుంటే బయట ఉప్పు తినేస్తుంది. నా సందేహం అక్కడ తీరింది.

1972 మోడల్లో, బరువు కాస్త మధ్యకి జరుగుతుందని ట్యాంకుని చక్రానికి ముందుకి తెచ్చారు. చమురు పోసే మూత కుడి తలుపు వెనక బయటికే కనిపించేది. బంకులో కుర్రాళ్ళు అదే పెట్రోలు మూతనుకుని, అందులో పెట్రోలు పోసేసేవారట! పాపం, వాళ్ళ తప్పేముంది? 1973 మోడల్లో ట్యాంకు మళ్ళీ పాత చోటికే చేరింది.

ఆ పాత ట్యాంకుల్ని బాగుచేసేవాళ్ళు ముందు లోపలి మడ్డి కడుగుతారు. పై తుప్పు గీకితే, అంతవరకూ ఆ తుప్పే మూసి ఉంచిన సన్న చిల్లులు బయటపడతాయి. అతుకెయ్యాలంటే లోపల చమురు ఆవిరి మిగలకూడదు, నిప్పు తగిలితే పేలుతుంది. గాలితో ఇసుక కొట్టిస్తే తుప్పు ఇట్టే రాలిపోతుంది గానీ, లోపలి అడ్డరేకుల సందుల్లో ఇసుక చిక్కుకుందంటే చమురుతోపాటు ఇంజన్లోకి పోయి బేరింగుల్ని అరగదీస్తుంది. అన్నంలో రాయి పంటికి తగిలాక గానీ తెలియదు కదా! అందుకే ఓపికున్నవాళ్ళు తీగ బ్రష్షు పట్టుకుని చేత్తోనే గీకుతూ కూర్చుంటారు. బయట నల్లరంగు వేస్తారు. లోపల మాత్రం ఏ రంగూ వెయ్యరు, చమురే పోస్తారు.