చింతయు ధారణయు



మా తండ్రిగారు దేవరకొండ ప్రాంతపు మెట్టరైతు. ఆయనకు గజేంద్రమోక్షము ఆద్యంతము కంఠస్థము. ఏకాదశినాటి భజనలో పుస్తకము ముట్టక చదివెడివారు. వరుసగా రెండు పంటలు తప్పి, బావికై తెచ్చిన అప్పు మీదికి వచ్చిన సంవత్సరమున ఆయన పద్యము నడుమ ఆగిపోయిరి. తరువాతి పాదము నోటికి రాలేదు. ముసలితనమని నలుగురును అనిరి; నేనును అట్లే తలచితిని. మూడవ ఏట చెరువు నిండెను, అప్పు తీరెను. ఆ యేటి భజనలో అదే పద్యము తడబాటు లేక వెలువడెను. ఈ మూడేండ్లలో వయస్సు పెరిగినదే కాని తగ్గలేదు గదా! మరి పోయిన జ్ఞాపకము ఎట్లు మరలివచ్చెను? ఈ ప్రశ్నకు మన జిల్లాల చరిత్రలో సమాధానము వెదకుటయే నేటి నా ఉద్దేశము.

మన సీమ మందమతుల సీమ కాదు. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, జటప్రోలు సంస్థానములు ఒకప్పుడు పండితులకు పుట్టినిండ్లు. గద్వాలకు విద్వద్గద్వాల యనియే పేరు. తిరుపతి వేంకటకవులు ఈ సంస్థానములకు వచ్చి అవధానములు చేసి సత్కారములు పొందిరి. అష్టావధానమన నేమి? ఎనిమిదిమంది పృచ్ఛకులు చుట్టు కూర్చుందురు. ఒకరు అక్షరమును నిషేధింతురు, ఒకరు సమస్య నిత్తురు, ఒకరు అసందర్భపు ప్రశ్నలతో మనస్సు చెదరగొట్టుదురు, ఒకరు గంట కొట్టుదురు. అన్నిటిని తట్టుకొని అవధాని పద్యములు పూరించి, తుదకు వానినన్నిటిని అప్పగించును. దానికే ధారణ యని పేరు. అక్షరము నేర్వని వారిలోను ఈ శక్తి కలదు. నల్లగొండ సీమలోని ఒగ్గుకథకులు కాగితము లేకయే మల్లన్న కథను తెల్లవార్లు చెప్పుదురు. నిజాము రాష్ట్రమున తెలుగు కవులు లేరని ఆక్షేపణ రాగా, పాలమూరు బిడ్డయగు సురవరం ప్రతాపరెడ్డిగారు 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచికను ప్రకటించి, ఆ మాటకు జవాబు చెప్పిరి.

ఇట్టి సీమలోనే, రైతునకు ఏమియు గుర్తుండదు, చెప్పినది తలకెక్కదు అను మాట ఎట్లు పుట్టినది? అవధానికి గంట కొట్టువాడు సభ ముగియగానే లేచిపోవును. రైతు తలలోని గంట రాత్రియు మ్రోగుచునే యుండును.

ఆ గంట ఏదో చూడుడు. పాలమూరున సాలుకు సగటున ఇంచుమించు 600 మిల్లీమీటర్ల వాన. అదియు నమ్మదగినది కాదు. విత్తనములకు, తిండికి తెచ్చిన గింజలను వడ్డీగింజలతో కూడ కళ్లములోనే కొలిచి ఇచ్చెడి నాగు అప్పులు ఉండెడివి. అప్పునకు బదులు ఏండ్లతరబడి దొరల యింట పనిచేయు భగేలాతనము ఉండెడిది. 1936లో నిజాము ప్రభుత్వము దానిపై చట్టము చేసినను, ఊళ్లలో అది వెంటనే పోలేదు. పిమ్మట వలసలు వచ్చినవి. గుంపు మేస్త్రీ చేత బయానా తీసికొని, పాలమూరు కూలీలు దూరదేశముల ఆనకట్టలకు మట్టి మోసిరి. 1975 నుండి ఇక్రిశాట్ సంస్థవారు మహబూబ్‌నగర్ జిల్లాలోని ఔరేపల్లి, డోకూరు గ్రామములలో కుటుంబముల ఆదాయవ్యయములను వ్రాసికొనిరి. మెట్టరైతు ఆదాయము ఏటికేడు ఎట్లు ఊగులాడునో ఆ లెక్కలలో కానవచ్చును. రేపేమగునో తెలియనివాడు నేడు చెప్పిన మాటను మనస్సున ఎక్కడ ఉంచుకొనును?

శాస్త్రజ్ఞులును ఈ సంగతినే పరిశోధించిరి. ఆపద తోచినపుడు మూత్రపిండములపై నున్న గ్రంథులనుండి కార్టిసాల్ అను రసము రక్తములోనికి వచ్చును. అది కొద్దిసేపు ఉన్నయెడల మేలే. పాము కనబడినపుడు చూపు చురుకగుట అందులకే. నెలలతరబడి నిలిచినచో కీడు. 1968లో అమెరికాలో బ్రూస్ మెక్యూవెన్ అను శాస్త్రజ్ఞుడు, జ్ఞాపకమునకు ముఖ్యమగు మెదడు భాగము ఇట్టి రసమును పట్టుకొనునని ఎలుకలయందు కనుగొనెను. ఎడతెగని చింత ఆ భాగమును బాధించి, నిద్రను చెరచి, క్రొత్త మాటను నిలువనీయదు.

2013లో ప్రకటితమైన ఒక పరిశోధనయందు తమిళనాటి చెరకురైతులు 464 మందిని కోతకు ముందును, కోత పిమ్మటను పరీక్షించిరి. చేత పైకము లేని దినములలో తప్పులు చేసినవారే, పైకము వచ్చిన పిమ్మట మేలుగా జవాబు చెప్పిరి. మనిషి అతడే, తల అదే. భారము మాత్రము వేరు. ఇట్టి పరీక్షలన్నియు ఒకే ఫలితము నిచ్చినవని చెప్పను. కాని ఈ ఫలితము మా తండ్రిగారి కథకు మిక్కిలి దగ్గరగా నున్నది.

కావున పెద్దలకు నాదొక మనవి. అప్పులో నున్నవానిని మతిలేనివాడని అనకుడు. అతడు కాగితముపై వ్రేలిముద్ర వేయుటకు ముందు, చింత లేని మరియొకరిచేత దానిని చదివింపుడు. వాయిదా దినమును గోడమీద వ్రాయింపుడు. వలసపోయిన తల్లిదండ్రులను తలచుకొనుచు బడిలో కూర్చున్న పిల్లవానిని, వినలేదని కొట్టనీయకుడు. అన్ని మరపులును చింతవలననే కలుగునని మాత్రము అనుకొనరాదు. నానాటికి పెరుగు మరపును వైద్యునకు చూపవలెను.

ఆనాడు భజనలో ఆగిపోయిన మా తండ్రిగారికి, ముసలితనమన్న మాట అప్పుకంటె బరువైనదని నేను ఆలస్యముగా తెలిసికొంటిని. ఆ తరువాత ఆయన రెండేండ్లు పద్యమే ఎత్తలేదు. మీ యూరి భజనలో ఎవరైన పాదము మరచినచో, నవ్వక, తరువాతి మాటను మెల్లగా అందింపుడు. ఆ మీదట ఇంటి సంగతి అడుగుడు.